టీ కప్పులు ఇచ్చేసి లోపలికి వెళ్ళకండి

పోయినేడాది అశ్వారావుపేటలో మా అమ్మ ఇల్లు అమ్మాం. రెండు గదులు, వంటిల్లు, వెనకాల బావి, దాని పక్కన సపోటా చెట్టు. నాన్న బతికుండగానే అమ్మ పేరు మీద రిజిస్ట్రేషన్ చేయించాడు. నాన్న పోయాక అమ్మ నాలుగేళ్ళు ఒక్కతే ఉంది. మోకాళ్ళు పట్టేశాక ఇక కుదరదని తమ్ముడు ఖమ్మం రమ్మన్నాడు. ఇల్లు అమ్మక తప్పలేదు.

ఇంటి మీద బెంగ గురించి ఇప్పుడు రాయను. ఇల్లు అమ్మిపెట్టిన మధ్యవర్తి గురించి, ఆయన కమీషన్ గురించి రాస్తాను. ఎందుకంటే మనలో చాలామందికి బంగారం తరుగెంతో తెలుసు, చీర మీద వ్యాపారికి మిగిలేదెంతో ఇంచుమించుగా తెలుసు. మన ఇల్లు అమ్మితే మధ్యలో ఎవరికెంత పోతుందో మాత్రం తెలియదు. తెలియదని కూడా కాదు, అడగం.

మా ఇంటికొచ్చిన ఆయన చుట్టుపక్కల అందరికీ తెలిసినవాడే. వరండాలో తమ్ముడు, బాబాయి, ఆయన కూర్చున్నారు. అమ్మా నేనూ వంటింట్లో ఉన్నాం. నేను టీ ఇచ్చి వెనక్కి తిరుగుతుంటే ఆయన మాట వినబడింది.

"మీకు ఇరవై ఎనిమిది లక్షలు చేతికి ఇప్పిస్తా. నాకు కమీషన్ కూడా వద్దు. పైన ఏమన్నా వస్తే అది నా అదృష్టం."

తమ్ముడు తెగ సంతోషపడ్డాడు. కమీషన్ లేకుండా పని జరుగుతోంది కదా మరి! నిజం చెప్పొద్దూ, నేనూ సంతోషపడ్డాను. ఇల్లు ఎవరి పేరు మీద ఉందో ఆవిడ మాత్రం వంటింట్లో కందిపప్పు ఏరుకుంటోంది. ఆవిడని ఎవరూ అడగలేదు. నేనూ అడగలేదు.

పది రోజులకి ఒక జంట ఇల్లు చూడటానికి వచ్చారు. మగవాళ్ళు బయట గోడలు, హద్దులు చూస్తుంటే ఆ అమ్మాయి వంటింట్లోకి వచ్చింది. బావిలో నీళ్ళు ఎండాకాలం ఉంటాయా, చిమ్నీ పెట్టుకోవడానికి వీలుందా అని అడుగుతూ అడుగుతూ, "ముప్పై ఒకటిన్నర అంటే మాకు బరువే అక్కా. నా గాజులు కూడా బ్యాంకులో పెట్టాం. పైగా ఆయనకి రెండు శాతం వేరే ఇవ్వాలంట" అంది.

గిన్నె తోముతున్న చెయ్యి ఆగిపోయింది నాకు. మాకు ఇరవై ఎనిమిది. వాళ్ళకి ముప్పై ఒకటిన్నర. మధ్యలో మూడున్నర లక్షలు. దాని మీద వాళ్ళ దగ్గర రెండు శాతం, అంటే 63,000. మొత్తం 4,13,000. కమీషన్ వద్దన్న మనిషికి మా ఇంటి మీద వచ్చేది అది! అదే మేము మామూలుగా రెండు శాతం ఇచ్చుకుంటే ముప్పై ఒకటిన్నర లక్షల మీద 63,000 అయ్యేది.

ఆ రాత్రి ఇంట్లో పెద్ద గొడవే అయింది. తమ్ముడు, ఆయన్ని తప్పించేసి ఆ జంటతో నేరుగా మాట్లాడేద్దాం అన్నాడు. నాకూ అదే న్యాయం అనిపించింది. అప్పుడు అమ్మ నోరు విప్పింది.

"వాళ్ళని తీసుకొచ్చింది ఆయనే కదా. పనిచేసినోడి కూలి ఎగ్గొట్టకూడదు. కూలి ఎంతో అందరి ముందూ చెప్పించండి. అంతే."

అంతే జరిగింది. మర్నాడు ఆ జంటని, ఆయన్ని ఒకేసారి పిలిచాం. ఈసారి అమ్మ వరండాలో కుర్చీలో కూర్చుంది. ఆయన మొదట మొహం చిట్లించాడు, తర్వాత, ఇది అందరూ చేసేదేనమ్మా అన్నాడు. నిజమే, అందరూ చేసేదే. చివరికి ఇల్లు 31 లక్షలకి ఖాయమైంది. మా వైపు నుంచి రెండు శాతం, 62,000. వాళ్ళ వైపు నుంచి ఒక శాతం, 31,000. అమ్మకి మొదట అనుకున్నదాని కన్నా 2,38,000 ఎక్కువ మిగిలింది. ఆ అమ్మాయికి 82,000 తగ్గింది. ఆయనకీ 93,000 వచ్చింది, తక్కువేం కాదు. ఎవరికీ అన్యాయం జరగలేదు.

అందుకే నా అభిప్రాయం ఏమిటంటే, మధ్యవర్తి కమీషన్ ఎక్కువ అడిగితే భయపడక్కర్లేదు. అసలు వద్దంటేనే భయపడాలి. ఊరికే పనిచేసేవాళ్ళెవరూ ఉండరు. ఆ డబ్బు మనకి కనబడకుండా వస్తుందంతే.

ఈ కమీషన్‌కి ఒక చట్టం లేదా అని నన్ను మా పక్కింటావిడ అడిగింది. 2016లో రెరా చట్టం వచ్చింది. దాని ప్రకారం రెరాలో రిజిస్టరైన వెంచర్ల ప్లాట్లు, అపార్ట్‌మెంట్లు అమ్మిపెట్టే ఏజెంట్లు కూడా రెరాలో రిజిస్టర్ కావాలి. మా అమ్మ ఇల్లులాంటి పాత ఇంటిని చేతులు మార్పించే ఊరి మధ్యవర్తి దాని కిందికి రాడు. ఒక శాతమా, రెండు శాతమా అన్నది వాడుకే తప్ప చట్టం కాదు. కాబట్టి మాట్లాడుకోవాల్సింది మనమే. మాట్లాడుకున్నది కాగితం మీద పెట్టుకోవాల్సిందీ మనమే.

మేము తెల్లకాగితం మీద నాలుగే విషయాలు రాసుకున్నాం. కమీషన్ ఎంత శాతం, ఏ ధర మీద. మా దగ్గర కాక ఎదుటివాళ్ళ దగ్గర కూడా తీసుకుంటున్నాడా, ఎంత. ఎప్పుడివ్వాలి. అమ్మకం మధ్యలో ఆగిపోతే ఏమిటి. ఈ మూడోది చాలా ముఖ్యం. చాలాచోట్ల బయానా రోజే సగం కమీషన్ అడుగుతారు. మేము ఒప్పుకోలేదు. రిజిస్ట్రేషన్ రోజు, డబ్బు అమ్మ ఖాతాలో పడ్డాక చెక్కు ఇస్తామన్నాం. ఎందుకంత పట్టుదల అంటే మా పిన్ని కథ చెప్పాలి.

అశ్వారావుపేట పేరు చెబితే బయటివాళ్ళు పామాయిల్, వ్యవసాయ కాలేజీ అంటారు. ఇక్కడ ఇల్లు కొనేవాళ్ళకి మాత్రం అన్నిటికన్నా ముందు తెలియాల్సింది 1/70. 1950లో రాష్ట్రపతి ఉత్తర్వుతో పాల్వంచ తాలూకా ఊళ్ళని షెడ్యూల్డ్ ప్రాంతంలో చేర్చినప్పుడు పాల్వంచ, బూర్గంపాడు, అశ్వారావుపేట, దమ్మపేట, కుక్కునూరు, నెల్లిపాక ఊళ్ళని మినహాయించారు. అంటే అశ్వారావుపేట రెవెన్యూ గ్రామంలో ఉన్న ఇల్లు అమ్ముకోవచ్చు. పొలిమేర దాటి ఏజెన్సీ ఊళ్ళో అడుగు పెడితే లెక్క వేరు. అక్కడ స్థిరాస్తిని గిరిజనులకి తప్ప ఇంకెవరికి అమ్మినా చెల్లదు. అమ్మేవాళ్ళు గిరిజనులు కాకపోయినా అంతే. పొలమే కాదు, ఇల్లూ ఇంటి స్థలమూ కూడా.

మా పిన్నికి ఇది తెలియదు. చాలా ఏళ్ళ కిందట ఒక మధ్యవర్తి మాట నమ్మి ఏజెన్సీ ఊళ్ళో చిన్న ఇల్లు నోటరీ కాగితం మీద కొనుక్కుంది. "ఇక్కడ అందరూ ఇట్లనే కొంటారమ్మా" అన్నాడట. రాసుకున్న రోజే కమీషన్ తీసుకుని వెళ్ళిపోయాడు. ఇప్పుడు కూతురి పెళ్ళికి అమ్ముదామంటే ఆ ఇంటికి రిజిస్ట్రేషన్ లేదు, బ్యాంకు అప్పివ్వదు. కాగితం చెల్లలేదు గానీ ఆయన కమీషన్ మాత్రం చెల్లింది.

ఇక్కడ ఒక మాట. మా వాళ్ళలో చాలామంది ఆ చట్టాన్ని తిట్టుకుంటారు. నేను తిట్టను. కోయ గూడేల భూములు అప్పుల కిందా, సారా కిందా, వేలిముద్రల కిందా పోతుంటే వాటిని ఆపడానికి వచ్చిన చట్టం అది. మా పిన్ని నష్టపోయింది చట్టం వల్ల కాదు. తెలిసీ చెప్పని మనిషి వల్ల, అడగని మా వల్ల. మధ్యవర్తిని ఎంచుకునేటప్పుడు మొదటి పరీక్ష ఇదే పెట్టండి. "ఈ సర్వే నంబరు ఏ రెవెన్యూ గ్రామంలోది, ఏజెన్సీయా కాదా?" అని అడగండి. సూటిగా చెప్పి, తహసీల్దార్ ఆఫీసులో కనుక్కుందాం రండి అనేవాడు పనికొస్తాడు. "అదంతా నేను చూసుకుంటా" అనేవాడు పనికిరాడు.

ఇంకో పరీక్ష కూడా ఉంది. మా ఆయన చివర్లో, డాక్యుమెంట్‌లో తక్కువ రాద్దాం, మిగతాది నగదు తీసుకోండి, కొనేవాళ్ళకి కలిసొస్తుంది అన్నాడు. తెలంగాణలో స్టాంపు డ్యూటీ, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ, రిజిస్ట్రేషన్ ఫీజు కలిపి ఏడున్నర శాతం. 31 లక్షల మీద 2,32,500. అది కొనేవాళ్ళు కట్టుకునేది. బరువే, కాదనను. కానీ ఇల్లూ పొలం లావాదేవీల్లో 20,000 గానీ అంతకు మించి గానీ నగదుగా తీసుకోకూడదని ఆదాయపన్ను చట్టంలో ఉంది. తీసుకుంటే తీసుకున్నంతా జరిమానా పడొచ్చు. అది తీసుకున్నవాళ్ళకే, అంటే మా అమ్మకే.

చట్టం సంగతి అటుంచండి. నగదు ఎక్కడికి పోతుంది? తమ్ముడి బీరువాలోకి. నా తమ్ముడు మంచివాడే. అమ్మని బాగా చూసుకుంటున్నాడు. కానీ బీరువాలో డబ్బు అందరిదీ అయిపోతుంది. పిల్లల ఫీజులు, కారు వాయిదా, ఏదో ఒకటి వస్తుంది. ఖాతాలో డబ్బు అమ్మదిగా ఉంటుంది. డెబ్బై ఏళ్ళ మనిషి ఇంకొకరి ఇంట్లో బతకబోతున్నప్పుడు ఆ తేడా చాలా పెద్దది.

కమీషన్ కూడా చెక్కు రూపంలో ఇచ్చి రసీదు తీసుకోండి. ఇల్లు అమ్మగా వచ్చిన లాభానికి పన్ను లెక్కేసేటప్పుడు దాన్ని ఖర్చు కింద తీసేయొచ్చు. రసీదు లేకపోతే లెక్కలోకి రాదు. ఆడిటర్ చెప్పేదాకా నాకూ తెలియదు.

మీ ఇల్లు నాన్న పేరు మీదే ఉండిపోయి, ఆయన వీలునామా రాయకుండా పోయుంటే ఇంకొకటి గుర్తుంచుకోండి. ఆయన సంపాదించుకున్న ఆస్తిలో భార్యకీ, తల్లి ఉంటే తల్లికీ, కొడుకులకీ కూతుళ్ళకీ సమానంగా వాటా ఉందని 1956 నాటి హిందూ వారసత్వ చట్టమే చెప్పింది. మధ్యవర్తి వచ్చి "అమ్మా, ఇక్కడొక సంతకం పెట్టు" అంటే, ఎందుకు, ఎంతకి అని అడగండి. అడిగితే పుట్టింటితో చెడుతుందని భయం ఉంటుంది, నాకు తెలుసు. వాటా వదులుకోవాలనుకుంటే వదులుకోండి, మీ ఇష్టం. కానీ ఎంత వదులుకుంటున్నారో తెలిసి వదులుకోండి.

రిజిస్ట్రేషన్ రోజు అమ్మ సంతకం పెట్టి, డబ్బు ఖాతాలో పడ్డట్టు ఫోన్‌కి మెసేజ్ వచ్చాక, చెక్కు తన చేత్తోనే మధ్యవర్తికి ఇచ్చింది. ఆయన నవ్వుతూనే తీసుకున్నాడు. మొన్న మా చిన్నత్తకి ఇంటి బేరం వస్తే ఆయన్నే పిలవమని నేనే చెప్పాను. ఇప్పుడు మాకు ఆయన తెలుసు, ఆయనకి మేమూ తెలుసు.

వచ్చే ఆదివారం వాళ్ళింట్లో మాటలు. చిన్నత్తకి ముందే చెప్పాను, "టీ మీ అబ్బాయిని పెట్టమనండి. మీరు నా పక్కన కూర్చోండి" అని.