హార్బరు చరిత్రలో మన కొండలు ఏవి?



మొన్నటి విహారయాత్ర గురించి మన గోడపత్రికలో అందరూ "చాలా బాగుంది" అని రాశారు. నాకూ బాగుంది. కానీ నా అభిప్రాయం కొంచెం వేరు. తప్పయితే క్షమించండి, తప్పు కాకపోతే ఆలోచించండి.

విశాఖపట్నంలో రాస్ హిల్ ఎక్కాం కదా. ఒక కొండ మీద చర్చి, పక్కనే దర్గా, ఇంకోచోట వెంకటేశ్వరస్వామి గుడి, ఎదురుగా డాల్ఫిన్స్ నోస్ కొండ. మధ్యలోంచి పెద్ద ఓడ మెల్లగా లోపలికి వస్తుంటే అందరం అరిచేశాం. అక్కడున్న ఒకాయన "కొండ పిల్లలా? సముద్రం ఎప్పుడూ చూడలేదేటి?" అని నవ్వాడు. మనమూ నవ్వేశాం. నాకు మాత్రం సిగ్గేసింది.

తిరిగొచ్చాక సోషల్ సారుని అడిగాను, లైబ్రరీలో చదివాను. ఈ హార్బరుని 1933లో వైస్రాయి విల్లింగ్డన్ ప్రభువు ప్రారంభించారు. అలలకు అడ్డంగా రెండు పాత ఓడల్ని ముంచి కట్ట వేశారట. ముఖ్యంగా సెంట్రల్ ప్రావిన్సెస్ మాంగనీసుని బయటి దేశాలకు పంపడానికే ఈ రేవు కట్టారు. స్వాతంత్ర్యం వచ్చాక, 1960లో ఇనుప రాయి కోసం జపానుతో ఒప్పందం అయ్యింది. ఆ రాయి బస్తరులోని బైలదిలా కొండలది. దాన్ని సముద్రానికి దించడానికే మన అరకు మీదుగా కొత్తవలస-కిరండోల్ లైను వేశారు. ఆ లైనులో 58 సొరంగాలున్నాయి. మనం రైల్లో కేకలేసుకుంటూ దాటినవి వాటిలో కొన్నే. ఇనుప రాయి మోసే పెద్ద ఓడల కోసం 1976లో ఔటర్ హార్బరు వచ్చింది.

ఇదంతా సెలవులకి ఇంటికెళ్లి మా తాతకి చెప్పాను. తాత చిన్నప్పుడు ఆ లైను పనిలో రాళ్లు మోశాడు. అంతా విని "రాయి దిగువకి పోనాది బాబూ, నానే పోలేదు" అన్నాడు. ఇప్పటివరకు ఆయన సముద్రం చూడలేదు.

అప్పుడు నా సిగ్గు పోయింది. మనం సముద్రాన్ని చూడకపోయినా మన కొండలు ఎప్పుడో సముద్రాన్ని చేరాయి. భీమిలిలో డచ్చి వాళ్ల సమాధులు, పాత లైట్‌హౌసు చూశాం. అక్కడ సముద్రంలో కలిసే గోస్తనీ నది ఎక్కడిదో ఎవరైనా అడిగారా? మన అనంతగిరి కొండల్లో పుట్టి, బొర్రా గుహల్లోంచి వచ్చిన నీరే అది!

హార్బరు వల్ల దేశానికి విదేశీ డబ్బు వస్తుంది, వేలమందికి పని దొరుకుతుంది అని సోషల్ సారు అన్నారు. నిజమే, నేను కాదనను. కానీ చరిత్రలో వైస్రాయి పేరుంది, డచ్చి వాళ్ల పేర్లు రాళ్ల మీద చెక్కి ఉన్నాయి. కొండ తొలిచినవాళ్ల పేరు ఎక్కడా నాకు కనిపించలేదు. మనం కూడా ఫొటో దిగి, బఠాణీలు తిని వచ్చేస్తే ఆ పేర్లు ఇంకెవరు అడుగుతారు?

అందుకే నా మనవి రెండే మాటలు. ఒకటి, వచ్చే ఏడాది యాత్రకి ముందు రేవుల చరిత్ర మనకి ఒక క్లాసు చెప్పాలి. రెండు, ఆ లైను పనిలో ఉన్న పెద్దవాళ్లు మన ఊళ్లలో ఇంకా కొందరున్నారు. వాళ్ల దగ్గరికెళ్లి పేర్లు, వాళ్లు చెప్పిన సంగతులు రాసుకొచ్చి ఈ గోడ మీదే పెడదాం. వార్డెన్ గారు ఒప్పుకుంటే యాత్రకి బస్సులో ఒక సీటు ఎక్కువ తీసుకోవాలని కూడా నా కోరిక. అది ఎవరికో మీకు తెలుసు.

ఈసారి ఎవరైనా "సముద్రం చూడలేదేటి?" అని అడిగితే నవ్వి ఊరుకోవద్దు. "ఆ ఓడలోకెళ్లే రాయి మా కొండల మీంచే వచ్చింది బాబూ" అని చెబుదాం.

ఇట్లు,
తొమ్మిదో తరగతి విద్యార్థి