తెలిస్తే చెడిపోతారట!

అమ్మాయి పెద్దమనిషి అయితే ఆ సంగతి ఊరంతా తెలియాలి. పేరంటాళ్లు పసుపు రాస్తారు, చిమ్మిలి తినిపిస్తారు, మేనమామ పట్టుబట్టలు పెడతాడు. స్తోమత ఉంటే ఫంక్షన్ హాలు, లేకపోతే వీధిలో షామియానా. నాలుగు రోడ్ల కూడలిలో పిల్ల ఫొటోతో నిలువెత్తు ఫ్లెక్సీ. ఇంత హడావుడిలోనూ విషయం చెప్పకుండా వదిలేసేది ఒక్క ఆ పిల్లకే. ఒంట్లో ఏం జరిగింది, గర్భం ఎలా వస్తుంది, పద్దెనిమిది నిండకుండా పెళ్లి చేయబోతే ఎవరితో చెప్పుకోవాలి అని అడిగిందా, ‘సిగ్గులేదూ’ అంటారు. ఊరంతా టముకు వేసిన సంగతి పిల్ల చెవిన పడితే మాత్రం పిల్ల చెడిపోతుందట!

ఇది అమ్మమ్మల మాటే అయితే సర్దుకుపోవచ్చు. పెద్దల సభ కూడా ఇదే అంది. 2007 ప్రాంతంలో, బడుల్లో ఈ సంగతులు చెప్పే కౌమార విద్యా కార్యక్రమాన్ని మహారాష్ట్ర, కర్ణాటక, మధ్యప్రదేశ్ వంటి రాష్ట్రాలు పక్కన పెట్టేశాయి. 2009లో ఎం.వెంకయ్యనాయుడు అధ్యక్షతన రాజ్యసభ పిటిషన్ల కమిటీ బడుల్లో లైంగిక విద్య అక్కర్లేదని తేల్చింది. కౌమారంలో శరీరం, మనసు ఎదిగే తీరు, హెచ్‌ఐవీ వంటి పాఠాలను ప్లస్ టూ జీవశాస్త్రంలో పెట్టుకోవచ్చని సలహా ఇచ్చింది. ప్లస్ టూ జీవశాస్త్రం అంటే మన దగ్గర ఇంటర్ బైపీసీ. చిన్నప్పుడే పెళ్లయ్యే పిల్లల్లో ఎక్కువమంది అక్కడిదాకా రానే రారు. పాఠం ఎవరికి అవసరమో వాళ్లు తప్ప మిగతావాళ్లు చదువుకునే ఏర్పాటు ఇది.

మరి చెప్పకుండా దాచి ఏం బావుకున్నాం? 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 20-24 ఏళ్ల స్త్రీలలో పద్దెనిమిదిలోపే పెళ్లయినవారు ఆంధ్రప్రదేశ్‌లో 29.3 శాతం, తెలంగాణలో 23.5 శాతం. దేశ సగటు 23.3. ఆంధ్రప్రదేశ్‌లో 15-19 ఏళ్ల అమ్మాయిల్లో 12.6 శాతం మంది సర్వే నాటికే తల్లులయ్యారు, లేదా కడుపుతో ఉన్నారు. దేశ సగటుకు ఇది దాదాపు రెట్టింపు. అంతకు ముందు సర్వేలో 11.8 ఉన్నది తగ్గకపోగా పెరిగింది. ఈ పిల్లల్ని ఏ పాఠం చెడగొట్టింది? తాళి పడితే చాలు, పదహారేళ్ల కడుపు మన కంటికి తప్పుగా ఆనదు. కానీ ఒంటికి తాళి సంగతి తెలియదు. ఆ వయసు అమ్మాయిల్లో పదిమందిలో ఆరుగురికి రక్తహీనత. పైగా లేత వయసు కాన్పులో గుర్రపువాతం భయం, పుట్టిన బిడ్డ తూకానికి రాదన్న బెంగ.

చెబితే ప్రయోగాలు మొదలుపెడతారన్న వాదనకైతే అసలు ఆధారమే లేదు. దేశదేశాల అధ్యయనాలు చూశాక యునెస్కో 2018లో ఇచ్చిన మార్గదర్శకాలు ఉల్టా మాట చెప్పాయి. ఇలాంటి చదువు వల్ల పిల్లలు తొందరపడటం పెరగలేదు, జాగ్రత్త పెరిగింది.

తల్లిదండ్రుల భయం అబద్ధమని కాదు. ఆదోని, మంత్రాలయం వైపు ఊళ్ల నుంచి మిరప కోతలకు గుంటూరు వలసపోయే కుటుంబం ఎదిగిన కూతుర్ని ఇంట్లో ఒంటరిగా వదల్లేదు, వెంట తీసుకెళితే బడి పోతుంది. వయసుతో పాటు కట్నం పెరుగుతుంది. చేతిలో ఫోను, ‘ఎవడితోనో లేచిపోతే’ అన్న దిగులు. వీటికి హాస్టల్ కావాలి, బస్సు కావాలి, ఊరికి దగ్గర్లో కాలేజీ కావాలి. పిల్ల నోరు నొక్కితే ఇందులో ఏ ఒక్కటీ తీరదు.

‘చట్టం ఉందిగా, పోలీసులు చూసుకుంటారు’ అనేవాళ్లు ఇంకొందరు. 1929 శారదా చట్టం, 1978 సవరణ, 2006 బాల్య వివాహాల నిషేధ చట్టం, చట్టాలకేం కొదవ? 2021లో దేశమంతటా ఈ చివరి చట్టం కింద నమోదైన కేసులు మాత్రం వెయ్యి దాటి కొద్దిగా. అస్సాంలో 2023లో బాల్య వివాహాల పేరిట వేలమందిని అరెస్టు చేస్తే, భర్తల్ని విడిచిపెట్టమంటూ ఆడపిల్లలే పోలీస్‌స్టేషన్ల ముందు ఏడ్చారు. పెళ్లికి ముందు ఆ పిల్లల మాట వినే దిక్కు లేకపోబట్టే పెళ్లి తర్వాత లాఠీ వచ్చింది.

మాట్లాడిన పిల్లలు లేకపోలేదు. పశ్చిమ బెంగాల్‌లోని పురూలియాలో బీడీ కార్మికుల ఇంటి పిల్ల రేఖా కాళింది పెళ్లికి ఎదురు తిరిగింది. జాతీయ సాహస బాలల పురస్కారం ఇచ్చారు. జింబాబ్వేలో చిన్నప్పుడే పెళ్లయిన ఇద్దరు యువతులు కోర్టుకెక్కితే, 2016లో అక్కడి రాజ్యాంగ న్యాయస్థానం పద్దెనిమిదిలోపు పెళ్లి చెల్లదని తీర్పిచ్చింది. కర్నూలు జిల్లాలో పదో తరగతి మంచి మార్కులతో పాసైన ఒక అమ్మాయి, ఇంటికొచ్చిన ఎమ్మెల్యేతో తనకు పెళ్లి వద్దు, చదువు కావాలంది. కలెక్టర్ కస్తూర్బా విద్యాలయంలో చేర్పించారు. 2024లో ఆ అమ్మాయి ఇంటర్ మార్కులు చూసి రాష్ట్రమే మురిసింది.

మురిసిపోవడం సరే. ఆ రోజు ఎమ్మెల్యే ఆ వీధికి రాకపోయి ఉంటే? వద్దనడానికి పతకం వచ్చేంత సాహసం కావాల్సి రావడమే మన సిగ్గు. అది మామూలు పిల్ల కూడా చేయగలిగిన పని కావాలి. బంగ్లాదేశ్‌లో ఖుల్నా, సాత్‌ఖీరా, నరైల్ జిల్లాల్లో పాపులేషన్ కౌన్సిల్ అనే సంస్థ ఇది చేసి చూపింది. కొన్ని ఊళ్లలో ఆడపిల్లల చదువుకు ఆసరా, కొన్నిట్లో హక్కులూ తర్కించి మాట్లాడే నేర్పూ, కొన్నిట్లో చేతిపని. ఏ శిక్షణా లేని ఊళ్లతో పోలిస్తే బాల్య వివాహాలు మూడో వంతు దాకా తగ్గాయి.

2006 చట్టం ప్రకారం పద్దెనిమిదిలోపు పెళ్లయిన అమ్మాయి, ఇరవై నిండేదాకా జిల్లా కోర్టులో ఆ పెళ్లిని రద్దు చేయమని కోరవచ్చు. జరగబోయే పెళ్లిని మేజిస్ట్రేటు ఆపించవచ్చు. పిల్లల సహాయ నంబరు 1098కి ఫోన్ చేస్తే మనిషి వస్తారు. ఇవి ఎంతమంది తొమ్మిదో తరగతి ఆడపిల్లలకు తెలుసు? ‘ప్రత్యుత్పత్తి’ పాఠం వచ్చేసరికి ఇంటి దగ్గర చదువుకోండని పేజీ తిప్పేసే టీచర్లూ, పేరెంట్స్ మీటింగుల్లో ముక్కున వేలేసుకునే పెద్దలూ ఒక్క లెక్క చూసుకోవాలి. పదో తరగతి పరీక్షలు మార్చిలో. పెళ్లి ముహూర్తాలు ఆ వెంటనే, వేసవిలో. చెప్పాల్సింది ఎనిమిదో తరగతిలోనే చెప్పేయండి.