చార్జింగ్ జ్యూసర్‌ను తలగడ పక్కన పెట్టుకుని నిద్రపోకండి

రాత్రి పడుకునేటప్పుడు ఈ జ్యూసర్‌కు చార్జింగ్ పెట్టి వదిలేయకండి. వేడి పాలు, వేడి పప్పు అందులో పోసి మూత బిగించకండి. చిన్నపిల్లల చేతికి అసలివ్వకండి. మిగతాది తీరిగ్గా చదువుకోవచ్చు, ఈ మూడు మాటలు మాత్రం ఇవాళే ఇంట్లో చెప్పండి. హాస్టల్లో పిల్లలుంటే ఫోన్ చేసి మరీ చెప్పండి.

పరీక్షల ముందు పిల్లల్ని కోనసీమలోని ఐనవిల్లి సిద్ధివినాయకుడి గుడికి తీసుకొచ్చి, స్వామి దగ్గర పూజ చేసిన కలాలు ఇప్పించుకు వెళ్లడం మనకు ఆనవాయితీ. ఆ పిల్లల్లో చాలామంది హాస్టళ్లలో చదివేవాళ్లే. వాళ్ల సంచిలో సున్నుండలు, జంతికల డబ్బాల పక్కన ఇప్పుడు ఇంకో వస్తువు చేరుతోంది, ఈ చార్జింగ్ జ్యూసరే. నీళ్లసీసా అంత ఎత్తు, అడుగున బ్లేడు, దాని కింద మోటారు, బ్యాటరీ. సెల్‌ఫోన్ తీగతోనే చార్జింగ్. అరటిపండు, పాలు వేసి మీట నొక్కితే అర నిమిషంలో జ్యూస్. గల్ఫ్ నుంచి వచ్చినవాళ్లు తెస్తున్నారు, ఫోన్లో బుక్ చేస్తే ఇంటికొస్తోంది, తీర్థాల్లో కొట్లవాళ్లు కుప్పపోసి అమ్ముతున్నారు. బొమ్మలా ముద్దుగా ఉంటుంది. చిక్కంతా అక్కడే, దాన్ని అందరూ బొమ్మలాగే చూస్తున్నారు.

ఊరూపేరూ లేని సరుకుతోనే ప్రమాదం, పేరున్న కంపెనీది కొంటే బెంగ లేదు అనుకునేవాళ్లకు అమెరికాలో జరిగింది చెప్పాలి. ఈ రకం వస్తువుల్లో అక్కడ బాగా పేరుపడ్డది బ్లెండ్‌జెట్ 2. 2023 డిసెంబరు చివర్లో అమెరికా వినియోగదారుల ఉత్పత్తుల భద్రతా కమిషన్ ప్రకటనతో దాన్ని వెనక్కి పిలిచారు. ఒకటీ రెండూ కాదు, దాదాపు 48 లక్షలు. వాడుతుండగానే బ్లేడు రెక్కలు విరిగిపోయాయని 329 ఫిర్యాదులు, వేడెక్కాయని లేదా అంటుకున్నాయని 17 ఫిర్యాదులు అప్పటికే అందాయి. సుమారు 49 మందికి చిన్నపాటి కాలిన గాయాలయ్యాయి, ఒకరికి వేలు తెగింది. 48 లక్షల్లో ఇవెంత అనొచ్చు. విరిగిన రెక్క ముక్క గ్లాసులోకి వచ్చిన మనిషికి ఆ లెక్క చెప్పి చూడండి. మన వాళ్లెవరైనా అమెరికా నుంచి ఆ సరుకు తెచ్చి ఇచ్చి ఉంటే, దాని సీరియల్ నంబరు మొదటి నాలుగంకెలు చూడండి. 5201 నుంచి 5542 లోపు ఉంటే అది వెనక్కి పిలిచిన వాటిలోదే. వాడకం ఆపేయండి.

బ్యాటరీ ఏం చేయగలదో చూడ్డానికి మాత్రం అమెరికా దాకా వెళ్లక్కర్లేదు. 2022 ఏప్రిల్‌లో నిజామాబాదులో ఎలక్ట్రిక్ స్కూటర్ బ్యాటరీని ఊడదీసి రాత్రి ఇంట్లో చార్జింగ్ పెట్టారు. తెల్లవారుజామున అది పేలి, పక్కన పడుకున్న ఎనభై ఏళ్ల పెద్దాయన చనిపోయారు. అదే నెల 23న విజయవాడలో పడకగదిలో చార్జింగ్ పెట్టిన స్కూటర్ బ్యాటరీ పేలి ఇంటి యజమాని ప్రాణం పోయింది, భార్యాపిల్లలు గాయపడ్డారు. ఆ బండి కొని అప్పటికి ఒక్కరోజు. సెప్టెంబరు 12న సికింద్రాబాదులో కింద స్కూటర్ల షోరూం, పైన లాడ్జి ఉన్న భవనం తగలబడి 8 మంది చనిపోయారు. స్కూటర్ బ్యాటరీ చాలా పెద్దది, జ్యూసర్‌లోది దానిముందు పిల్లకాయ అన్నది నిజమే. దానికీ దీనికీ ఒకటే ప్రమాదం అని చెప్పి ఎవర్నీ బెదరగొట్టడం మా ఉద్దేశం కాదు. కానీ లోపలున్న రసాయనం ఆ జాతిదే, లిథియం అయాన్. లోపల షార్ట్ అయి వేడెక్కడం మొదలైతే ఆ వేడే మరింత వేడిని పుట్టిస్తుంది. ప్లగ్గు పీకినా ఆగదు. మంట చిన్నదే కావచ్చు, దోమతెర అంటుకోవడానికి ఎంత మంట కావాలి?

ఇక కొబ్బరి సంగతి. కోనసీమ ఇంట్లో మిక్సీ అన్నాక మొదట అందులో పడేది కొబ్బరి ముక్కే. ఈ జ్యూసర్‌కు అదే గండం. ఎందుకో ఒక చిన్న లెక్క వేస్తే తెలిసిపోతుంది. వంటింటి మిక్సీ 500 నుంచి 750 వాట్లు, అది గోడలోంచి ఎంత కావాలంటే అంత కరెంటు లాక్కుంటుంది. జ్యూసర్ బ్యాటరీ మీద 4000 ఎంఏహెచ్ అని గొప్పగా రాసి ఉంటుంది. 3.7 వోల్టుల దగ్గర అది 15 వాట్ అవర్లు కూడా లేదు. అంటే 750 వాట్ల మిక్సీని ఆ బ్యాటరీతో తిప్పితే నిమిషం పైచిలుకులో ఖాళీ. కాబట్టే అందులో చిన్న మోటారు పెడతారు. మెత్తటి అరటి, బొప్పాయి, పండిన మామిడి, తగినన్ని పాలో నీళ్లో ఉంటే అది హాయిగా తిరుగుతుంది. ముదురు కొబ్బరి, నానని పప్పు, ఫ్రీజర్‌లోంచి తీసిన రాయిలాంటి పండు ముక్క అడ్డుపడిందా, బ్లేడు బిగుసుకుంటుంది. తిరగని మోటారు తిరిగే మోటారుకంటే ఎన్నో రెట్లు కరెంటు పీలుస్తుంది, ఆ భారమంతా బ్యాటరీ మీద పడుతుంది. మంచి వస్తువైతే లోపలి రక్షణ సర్క్యూట్ అప్పుడే ఆపేస్తుంది, ఎర్ర లైటు వెలుగుతుంది. నాసిరకానిదైతే మనం మీట మీద మీట నొక్కుతూనే ఉంటాం, అడుగు చురచురమంటూ కాలుతుంది. బ్లేడు రెక్క బీటవారేదీ అలాంటప్పుడే.

కొబ్బరి పచ్చడికి మిక్సీ ఉంది, రోలుంది. ఈ బుల్లిదాన్ని వదిలేయండి పాపం.

మన ఇళ్ల సంగతి కూడా వేరు. అటక మీద నెలల తరబడి కురిడీ కోసం కొబ్బరికాయలు, వసారాలో డొక్కలు, పెరట్లో కమ్మలు, పీచు. కొన్నిచోట్ల ఇప్పటికీ తాటాకు కప్పు. చమురున్న ఎండుకొబ్బరి పట్టుకుంటే నిప్పు ఎలా లేస్తుందో ఇక్కడెవరికీ చెప్పక్కర్లేదు. అగ్నిమాపక బండి దూరం నుంచి రావాలి. లంక ఊళ్లయితే రేవు దాటాలి. లంకలకు దారైన ఎదురుబిడియం కాజ్‌వే మునిగిన రోజుల్లో ఏ బండీ రాదు. వరద రోజుల్లోనే, కరెంటు లేకపోయినా పనిచేస్తుందని ఈ చార్జింగ్ వస్తువులన్నీ బయటికి తీస్తాం. తడి చేతులతో, తడి సంచుల్లోంచి. 2022 జులై వరదలో లంకల్లో రోజుల తరబడి ఎలా గడిచిందో తలుచుకుంటే ఈ మాట ఎందుకంటున్నామో తెలుస్తుంది.

కొనేముందు పెట్టె ఎటూ చూస్తారు, సరుకును కూడా తిరగేసి చూడండి. అడుగున అంటించిన కాగితం ముక్క మీద సన్నటి అక్షరాలుంటాయి. వోల్టులు, ఆంపియర్లు, తయారీదారు లేదా దిగుమతిదారు పేరు, చిరునామా ఉన్నాయా? పెట్టె మీద ఏ దేశంలో తయారైంది, నెల, సంవత్సరం, గరిష్ఠ ధర, ఫిర్యాదుకు ఫోన్ నంబరు ఉండాలి. అది చట్టం. మన దేశంలో అమ్మే ఇలాంటి లిథియం బ్యాటరీలకు భారతీయ ప్రమాణాల సంస్థ, అంటే బీఐఎస్, దగ్గర రిజిస్ట్రేషన్ తప్పనిసరి. ప్రమాణం సంఖ్య ఐఎస్ 16046. రిజిస్ట్రేషన్ నంబరు ఆర్ అనే ఇంగ్లిషు అక్షరంతో మొదలై ఎనిమిదంకెలు ఉంటుంది. బ్యాటరీ లోపలుంటుంది గనక ఆ ముద్ర మనకు పైకి కనిపించకపోవచ్చు. నంబరెంతో కొట్టువాణ్ని అడగండి, బీఐఎస్ కేర్ అనే యాప్‌లో కొట్టి చూడండి, ఎవరి పేరు వస్తుందో తెలుస్తుంది. "అవన్నీ ఎవరు చూస్తారండీ, ఇది ఇంపోర్టెడ్" అన్నాడా, దండం పెట్టి బయటికొచ్చేయండి.

ఫోన్లో కొంటే అన్నీ సవ్యంగానే ఉంటాయన్న భరోసా కూడా వద్దు. 2025 మార్చిలో బీఐఎస్ అధికారులు ఢిల్లీలో అమెజాన్ గిడ్డంగిని సోదా చేసి, సరైన ముద్ర లేని 3500కు పైగా విద్యుత్ వస్తువుల్ని పట్టుకున్నారు. వాటిలో గీజర్లతో పాటు మిక్సీలూ ఉన్నాయి.

కొట్లోనే ఇంకో పరీక్ష. గిన్నె ఊడదీసి, అందరూ చేతులు, ముఖాలు దూరంగా పెట్టుకుని, అమ్మేవాణ్నే మీట నొక్కమనండి. బ్లేడు కదలకూడదు. గిన్నె సరిగ్గా బిగిస్తేనే తిరిగేలా లోపల అయస్కాంతంతో తాళం పెట్టి ఉండాలి. ఒక్కసారి తాకితే తిరిగేది కాకుండా, రెండుసార్లు వరసగా నొక్కితేనే మొదలయ్యేదైతే మేలు, సంచిలో ఒత్తిడి పడి దానంతటది తిరగదు. గిన్నె లేకుండా బ్లేడు గిర్రున తిరిగిందంటే అది ఏ ధరకొచ్చినా వద్దు. ఇంట్లో ఇప్పటికే ఉన్నదానికి కూడా ఈ పరీక్ష చేయండి.

చార్జింగ్ దగ్గర ఎక్కువమంది పొరపాటు పడుతున్నారు. పెట్టెలో తీగే వస్తుంది, చార్జరు రాదు. ఇంట్లో ఏది దొరికితే అది తగిలిస్తాం. మంచి ఫాస్ట్ చార్జరు అవతలి వస్తువు అడిగితే తప్ప 5 వోల్టులు దాటదు. చార్జరూ నాసిరకం, జ్యూసరూ నాసిరకం అయితే ఆ మర్యాద ఎవరు పాటిస్తారు? జ్యూసర్ అడుగున అంటించిన కాగితం మీద 5 వోల్టులని ఉంటే ముద్ర ఉన్న మామూలు చార్జరు చాలు. గచ్చు మీదో రాతి బల్ల మీదో, చుట్టూ ఏమీ లేకుండా, మనిషి మెలకువగా ఉండగా పెట్టండి. నిండగానే తీసేయండి. పరుపు మీద, అటక కింద, గ్యాస్ పొయ్యి పక్కన వద్దు. ఎండలో నిలిపిన కారులో, బండి డిక్కీలో వదలొద్దు. 45 డిగ్రీలు దాటిన వేడిలో లిథియం బ్యాటరీని చార్జ్ చేయకూడదు, మే నెలలో మూసిన కారు లోపల అంతకు మించే ఉంటుంది. కడిగేటప్పుడు అడుగు భాగాన్ని నీళ్లలో ముంచొద్దు. చార్జింగ్ రంధ్రానికి చిన్న రబ్బరు మూత ఉంటుంది, దాని వెనక నీటిచుక్క నిలుస్తుంది. మన ఉప్పుగాలికి అక్కడి లోహం త్వరగా పచ్చబడుతుంది కూడా. పూర్తిగా ఆరకుండా తీగ పెట్టకండి.

వాడకంలో ఎక్కువ చెప్పాల్సింది వేడి గురించే. మూత బిగించిన గిన్నెలో వేడి పదార్థం తిరిగితే ఆవిరి పోయే దారి ఉండదు. తిప్పడం ఆపి మూత తిప్పగానే అదంతా ముఖం మీదికి చిమ్ముతుంది. సోడా, కూల్‌డ్రింకులదీ అదే దారి. పసిపిల్లల తల్లులకు మా గట్టి సలహా, ఉగ్గు, పండు గుజ్జు ఇందులో చేయొద్దు. చేత్తోనో గరిటెతోనో మెదిపితే పోయేదానికి విరిగిన రెక్క ముక్క భయం ఎందుకు? పెద్దవాళ్లు తాగేముందు కూడా రెక్కలన్నీ ఉన్నాయో లేదో ఓసారి చూసి గ్లాసులో పోసుకోండి. బ్లేడు కడగడానికి వేలు పెట్టకండి, నీళ్లు, చుక్క సబ్బు పోసి గిన్నె బిగించి తిప్పేయండి.

అడుగు ఉబ్బి బల్ల మీద కుదురుగా నిలవకపోయినా, గోళ్లరంగు లాంటి తియ్యటి వాసన వచ్చినా, చార్జింగ్‌లో పట్టుకోలేనంత కాలినా దాని పని అయిపోయినట్టే. స్విచ్చి ఆపి, ఇంటికి దూరంగా ఆరుబయట ఇసుక పోసిన కుండలో పెట్టండి. చెత్తలో పారేయొద్దు, కమ్మలతో కలిపి తగలబెట్టొద్దు, కాలవలో వేయొద్దు. పాత బ్యాటరీలు వెనక్కి తీసుకునే బాధ్యత 2022 నాటి నిబంధనల ప్రకారం వాటిని మార్కెట్లోకి తెచ్చినవాళ్లది, అమ్మినవాణ్ని అడగండి. బుస్సుమని పొగొచ్చిందంటే ముందు మనుషుల్ని బయటికి పంపండి, ఆ పొగ విషం. దాన్ని చేత్తో పట్టుకుని పరిగెత్తొద్దు. గోడ స్విచ్చి ఆపాక, మంట చిన్నదై దారి తెరిచి ఉంటేనే దూరం నుంచి బకెట్లతో నీళ్లు గుమ్మరించండి. బ్యాటరీ చల్లబడాలి, అందుకని నీళ్లు ఎంత ఎక్కువైతే అంత మంచిది. ఆరినట్టే ఆరి మళ్లీ అంటుకుంటుంది, కొన్ని గంటలు కనిపెట్టి ఉండాలి. ఆలస్యం చేయకుండా 101కి ఫోన్ చేయండి. వేలు తెగితే కాఫీపొడి, పసుపు అద్దకండి. శుభ్రమైన గుడ్డతో గట్టిగా అదిమి పట్టి ఆసుపత్రికి వెళ్లండి. కాలితే ఇరవై నిమిషాలు ధారగా చల్లటి నీళ్లు, టూత్‌పేస్టు, సిరా కాదు.

గుడి దారిలోనూ తీర్థాల్లోనూ కొట్లు పెట్టేవాళ్లకు కూడా ఈ హెచ్చరిక వర్తిస్తుంది. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం కింద లోపమున్న వస్తువు వల్ల హాని జరిగితే తయారీదారుతో పాటు అమ్మినవాడు కూడా బాధ్యుడయ్యే సందర్భాలున్నాయి. తయారీదారు ఎవరో చెప్పలేని సరుకు అమ్మితే అందరూ వేలు మీవైపే చూపిస్తారు. కొన్నవాళ్లు 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు చేయొచ్చు. వినియోగదారుల కమిషన్‌కు వెళ్లాలంటే మీరుండే చోటి నుంచే కేసు వేయొచ్చు, ఐదు లక్షల లోపు వస్తువుకు రుసుము కూడా లేదు. బిల్లు తీసుకోండి, పెట్టెతో సహా దాచండి. బిల్లు ఇవ్వనన్న కొట్లో కొనకండి.