కలెక్టరేట్ కదిలాక బజారు

పట్టణ రూపకల్పన చేసే ఆర్కిటెక్టుకు ఖాళీ జాగా దొరకడం అరుదు. దుకాణాలు, కరెంటు స్తంభాలు, గుడి, మురికికాలువ, ఆటోల అడ్డా, తోపుడుబండ్లు అన్నీ ముందే కుదురుకున్న చోట అతని పని మొదలవుతుంది. ఉన్న భవనాల నడుమ మిగిలిన నేలను మనిషి నడవడానికి, నిలబడడానికి, బేరమాడడానికి వీలుగా తీర్చాలి. జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి పట్టణాల నడిబొడ్డున ఈ పని పెద్దగా జరగలేదు.

వాస్తుశిల్పం ఈ ఊళ్లకు రాలేదని కాదు. పాత వరంగల్ జిల్లాలోని ఈ మూడూ 2016 అక్టోబరు 11న జిల్లా కేంద్రాలయ్యాయి. ఆ తర్వాత రాష్ట్రమంతటా సమీకృత కలెక్టరేట్లు లేచాయి. వాటికి రూపమిచ్చింది ఆర్కిటెక్ట్ ఉషారెడ్డి. జనగామ కలెక్టరేట్ 2022 ఫిబ్రవరి 11న, మహబూబాబాద్‌ది 2023 జనవరి 12న ప్రారంభమయ్యాయి. భూపాలపల్లికీ అదే తరహా సముదాయం వచ్చింది. అన్ని శాఖలూ ఒకే కప్పు కిందికి చేరడం జనానికి మేలే. అయితే అంత జాగా ఇరుకు బజార్లలో దొరకదు కనుక ఇటువంటి సముదాయాలు మామూలుగా ఊరి అంచునే వెలుస్తాయి. ఆఫీసుతో పాటు జిరాక్స్ షాపు, దస్తావేజులు రాసేవాళ్లు, చాయ్ హోటల్, మెస్ కూడా మెల్లగా అటు జరుగుతాయి. తాండా నుంచి పనిమీద వచ్చినవాడు తిరుగుదారిలో బజారుకు పోయి చెప్పులో విత్తనాలో కొనుక్కోవాలంటే మరో ఆటో ఎక్కాలి. స్థలం ఎంపిక ఆర్కిటెక్టు చేతిలో ఉండదు. భవనం ఎంత బాగున్నా, దాని వెనక మిగిలిపోయిన ఊరి నడుముకు ఏం చేయాలన్నది ఎవరి ఫైలులోనూ లేని ప్రశ్న.

ఈ ప్రశ్నకు జీవితాన్నంతా ఇచ్చిన ఆర్కిటెక్టు విక్టర్ గ్రూయెన్. 1903లో వియన్నాలో పుట్టి, 1938లో నాజీల నుంచి తప్పించుకుని అమెరికా చేరాడు. 1956లో మినియాపొలిస్ శివారు ఎడైనాలో సౌత్‌డేల్ కట్టాడు. నాలుగు గోడల మధ్య, ఏసీలో, ఒకే కప్పు కింద నడిచే మొదటి షాపింగ్ మాల్‌గా అది పేరుకెక్కింది. దాని చుట్టూ ఇళ్లు, బడులు, ఆసుపత్రి వచ్చి చిన్న ఊరు తయారవుతుందని అతని ఊహ. ఊరు రాలేదు, పార్కింగ్ వచ్చింది. మాల్స్ పెరిగేకొద్దీ పాత నగర కేంద్రాల్లో దుకాణాలు మూతపడ్డాయి. చిత్రమేమిటంటే, ఆ కేంద్రాలను బతికించమని నగరాలు పిలిచింది కూడా గ్రూయెన్‌నే. 1959లో కలమజూలో, 1964లో ఫ్రెస్నోలో అతని ప్రణాళికతో ప్రధాన వీధుల్లో కార్లు ఆపి, నడిచేవాళ్లకు వదిలారు. చెట్లు, నీటి తొట్లు, శిల్పాలు పెట్టారు. ఫ్రెస్నోలో శిల్పాలు నిలిచాయి కానీ జనం నిలవలేదు. 2017లో ఆ వీధిలోకి మళ్లీ కార్లను అనుమతించారు. వీధిని ఎంత ముస్తాబు చేసినా, అక్కడికి రావడానికి జనానికి పనంటూ ఉండాలి కదా! చివరి దశలో వియన్నాకు తిరిగిపోయిన గ్రూయెన్ 1978లో ఆ మాల్స్‌కూ తనకూ సంబంధం లేదని బహిరంగంగానే చెప్పి, 1980లో కన్నుమూశాడు.

పాత నగర కేంద్రాన్ని బతికించుకునే అనుభవం హైదరాబాద్‌కు వేరే దారిలో వచ్చింది. 1908 మూసీ వరద తర్వాత 1912లో ఏర్పడిన నగరాభివృద్ధి సంస్థ కొత్త రోడ్లు, రాతి కమాన్ల పత్తర్‌గట్టి బజారు కట్టించింది. 1935 నాటి మొజంజాహీ మార్కెట్ ఆ కాలపు పనే. కూడలి మీదనే, గడియారం గోపురంతో, లోపల ముంగిలితో నిలిచిన ఈ మార్కెట్ నుంచి 1980ల్లో పండ్ల వ్యాపారం గడ్డిఅన్నారం తరలిపోయింది. కళ తగ్గింది. రాతిగోడలను శుభ్రం చేసి, అడ్డదిడ్డంగా పెరిగిన రేకులను తీసేసి 2020 ఆగస్టులో మళ్లీ తెరిచారు. లోపలి ఐస్‌క్రీం దుకాణాలను అక్కడే ఉంచడం వల్ల సాయంత్రం జనం ఉంటున్నారు. రాతిపనికన్నా ఆ నిర్ణయానికే ఎక్కువ మార్కులు వేయాలి. బన్సీలాల్‌పేటలో చెత్తతో పూడిపోయిన మెట్లబావిని ఆర్కిటెక్ట్ కల్పనా రమేశ్ ప్రభుత్వ విభాగాలతో కలిసి బయటికి తీయించారు. 2022 డిసెంబరు 5న అది ప్రారంభమైంది. ఇరుకు బస్తీ నడుమ కొత్తగా నేల కొనకుండానే జనం కూర్చునే జాగా దొరికింది.

ఇక మన మూడు జిల్లా కేంద్రాలకు వస్తే, అన్నిటికీ ఒకే మందు పనిచేయదు. జనగామ హైదరాబాద్–వరంగల్ దారి మీది ఊరు. వ్యవసాయ మార్కెట్ సీజన్‌లో ధాన్యం, పత్తి బండ్లకు, మిగతా రోజుల్లో నడిచేవాళ్లకు ఒకే వీధిని ఎలా పంచాలన్నది అక్కడి సమస్య. మహబూబాబాద్‌ను, అంటే మానుకోటను, కాజీపేట–విజయవాడ రైలు మార్గం రెండుగా చీలుస్తుంది. పట్టాలకు అటూఇటూ ఉన్న ఊరిని కాలినడకన కలిపే దారి బాగుపడకపోతే, ఏ చౌరస్తాకు రంగులేసినా సగం ఊరికే ఉపయోగం.

భూపాలపల్లి కథ ఇంకా జటిలం. పరకాల నుంచి కాళేశ్వరం పోయే రోడ్డే దాని బజారు. బొగ్గు తవ్వే సింగరేణి కంపెనీ క్వార్టర్లు ఒకవైపు, పట్టణం ఒకవైపు. నేల కొంత కంపెనీది, కొంత మున్సిపాలిటీది. మూడు షిఫ్టుల ఊరు కావడంతో వీధిదీపం, బస్‌స్టాప్, అర్ధరాత్రి చాయ్ ఇక్కడ అలంకారాలు కావు, అవసరాలు. పైగా గనికి ఆయుష్షు ఉంటుంది. 1889లో తవ్వకాలు మొదలైన ఇల్లెందు తన పెద్దరికాన్ని కొత్తగూడెం, గోదావరిఖనులకు ఏనాడో వదులుకుంది. బొగ్గు ఉండగానే భూపాలపల్లి బజారుకు బొగ్గుతో పనిలేని ఆదరువు చూడాలి.

తోపుడుబండ్ల సంగతి మూడుచోట్లా ఉంది. 2014 వీధి వ్యాపారుల చట్టం ప్రకారం పట్టణ విక్రయ కమిటీలో కనీసం 40 శాతం సభ్యులు వ్యాపారుల నుంచే రావాలి. ఆ కమిటీతో కూర్చోకుండా గీసిన నక్షా పోలీసు లాఠీతో తప్ప అమలు కాదు.

ఈ పనికి మనుషులు తయారవుతూనే ఉన్నారు. హైదరాబాద్ మాసబ్‌ట్యాంక్‌లోని జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ విశ్వవిద్యాలయం (జేఎన్ఏఎఫ్ఏయూ), 2008లో మొదలైన విజయవాడ స్కూల్ ఆఫ్ ప్లానింగ్ అండ్ ఆర్కిటెక్చర్ (స్పా) ఏటా ఆర్కిటెక్టులను, ప్లానర్లను పంపుతున్నాయి. బీఆర్క్‌కు ఐదేళ్లు, పట్టణ రూపకల్పనలో ఎంఆర్క్‌కు మరో రెండేళ్లు. అంత చదివి చిన్న పట్టణానికి వచ్చేవారు అరుదు. మున్సిపాలిటీ టౌన్‌ప్లానింగ్ విభాగం పొద్దంతా ఇళ్ల అనుమతులు, సెట్‌బ్యాకులు, ఫిర్యాదులతోనే సరి. బయటి ఆర్కిటెక్టుకు ఫీజు సాధారణంగా నిర్మాణ ఖర్చులో శాతంగా లెక్కకడతారు. కాలువకు మూత, ఆటోలకు గీత, బండ్లకు వరుస, నాలుగు చెట్లు — ఏడాదిపాటు వ్యాపారులతో మాట్లాడి సాధించే పని ఇది. అందులో కాంక్రీటు తక్కువ, కనుక ఫీజూ తక్కువే. పట్టణ రూపకల్పనకు నిర్మాణ ఖర్చుతో ముడిపెట్టని, కాలాన్ని బట్టి ఇచ్చే జీతాన్ని బడ్జెట్‌లో వేరే పద్దుగా చూపిస్తే తప్ప, జనగామలోనో మానుకోటలోనో మకాం పెట్టి పదేళ్లు ఒకే బజారు మీద పనిచేసే ఆర్కిటెక్టు దొరకడు.