బస్సు రాని ఊరు, లెక్కకు రాని మనం

కాజీపేట–విజయవాడ రైలుమార్గం మధిర మీదుగానే సాగుతుంది. స్టేషన్‌లో దిగినవారు తమ పల్లెకు చేరడమెలా అన్నదే మా ప్రశ్న. జనగణన శాఖ ప్రతి గ్రామపు జనాభాను, బస్సు వస్తుందో రాదో అన్న సంగతిని నమోదు చేస్తుంది. ఎస్సీలెందరో, ఎస్టీలెందరో ఊరివారీగా ప్రకటిస్తుంది. ముస్లింలెందరని అడిగితే మాత్రం మండలం దగ్గరే ఆగిపోతుంది. ఫారంలో మతం గడి ఉంది, మనం నింపాం. మన ఊరి పట్టికలో అది కనబడదు.

ముస్లింలు అధికంగా ఉన్న గ్రామాలకు పక్కా రోడ్లు, బస్‌స్టాపులు తక్కువని సచార్ కమిటీ 2006లోనే తేల్చింది. మధిర మండలంలో అది ఏ ఊరికి వర్తిస్తుందో ఏ పట్టిక చూసి నిరూపించాలి? లెక్క ఇవ్వకుండా ఆధారం అడగడం ఏ న్యాయం? ఆ లెక్క అల్లరిమూకల చేతికి చిక్కుతుందని మనలోనే కొందరి భయం. మన ఇళ్లెక్కడున్నాయో వారికి ఎప్పుడూ తెలుసు. తెలియనిది బస్సు వేసేవారికే.

2023 డిసెంబరు నుంచి ఆడవారికి ఆర్టీసీ ప్రయాణం ఉచితం. మంచిదే. బస్సే రాని ఊరి అమ్మాయి మాత్రం ఆటో కిరాయి ఇచ్చుకోవాలి, లేదా కాలేజీ మానుకోవాలి.

2027 జనగణనలోనైనా గ్రామంవారీ మత వివరాలను రవాణా వివరాల పక్కనే ప్రచురించాలని డిమాండ్ చేస్తున్నాం. జమాత్ పెద్దలు అంతవరకు ఆగనక్కరలేదు. ఊళ్లోని ఇళ్ల లెక్క, కాలేజీకి వెళ్లే పిల్లల లెక్క రాసి మధిర ఆర్టీసీ డిపోలో ఇచ్చి, నకలుపై ముద్ర వేయించుకోవాలి.