పొక్కుల ఒంటికి పంటి గండం!

పసిబిడ్డను చంకల కింద పట్టి ఎత్తితే చాలు, చర్మం లేచిపోతుంది. చొక్కా అంచు ఒరుసుకున్నా నీటిపొక్కే. జన్యులోపంతో వచ్చే ఈ జబ్బు పేరు ఎపిడెర్మోలైసిస్ బులోసా. పొట్టిగా ఈబీ. ఈ పిల్లల్లో కొందరికి పళ్లు వస్తూనే గుంతలు పడి, పచ్చగా కనిపిస్తాయి. 'సరిగా తోమట్లేదు', 'కడుపుతో ఉన్నప్పుడు తల్లి పాలు తాగలేదు' అంటూ తలోమాట. నిజానికి తప్పు తల్లిదీ కాదు, బ్రష్షుదీ కాదు.

జిగురు ఒకటే!

చర్మం పైపొరను కిందిపొరకు అంటిపెట్టి ఉంచే ప్రొటీన్లు కొన్ని ఉన్నాయి. లామినిన్-332, కొల్లాజెన్-17 అలాంటివే. పంటి మీద ఎనామిల్‌ను తయారుచేసే కణాలకూ ఇవే కావాలి. 'జంక్షనల్' రకం ఈబీలో లోపం ఈ జిగురులోనే. అందుకే అటు చర్మం ఊడుతుంది, ఇటు ఎనామిల్ పలచబడుతుంది. పన్ను బయటికొచ్చేసరికి ఆ కణాలు మిగలవు. కాబట్టి ఎనామిల్ మళ్లీ పుట్టదు.

2015లో జర్మనీలోని బోహుమ్‌లో ఈ రకం ఈబీ ఉన్న ఏడేళ్ల బాలుడికి, జన్యువును సరిచేసి పెంచిన చర్మాన్ని ఒంటిపై దాదాపు 80 శాతం మేర అతికించారు. అది నిలిచింది. పళ్లకు మాత్రం అలాంటి వైద్యం లేదు. ఉన్నవాటిని కాపాడుకోవాల్సిందే.

మంచి పళ్లూ పాడే

'డిస్ట్రోఫిక్' రకం వేరు. ఇందులో లోపం కొల్లాజెన్-7లో. ఎనామిల్ మామూలుగానే ఉంటుంది. కానీ జబ్బు తీవ్రంగా ఉంటే నోట్లో పుండ్లు మానిన మచ్చలు బిగుసుకుని నోరు పూర్తిగా తెరుచుకోదు. గట్టివి నమల్లేక జావలు, తీపి పానీయాలే ఆహారం. బ్రష్ లోపలికి వెళ్లదు. దాంతో పళ్లు పుచ్చిపోతాయి. ఇది ఆపగలిగిన నష్టమే.

ఏం చేయాలి?

* బిడ్డది ఏ రకం ఈబీయో పరీక్షలతో తెలుసుకోండి.
* తొలి పన్ను రాగానే దంతవైద్యులకు చూపించండి. ఫ్లోరైడ్ వార్నిష్ పూయిస్తే పుచ్చు తగ్గుతుంది.
* చిన్న తల, మెత్తటి కుచ్చు ఉన్న బ్రష్ వాడండి. తిన్నాక నీళ్లతో పుక్కిలించాలి.
* గుంతలు పడిన దవడపళ్లకు తొడుగులు వేయించుకోవచ్చు.
* జబ్బు సంగతి డాక్టరుకు ముందే చెప్పండి. పెదాలకు వాజలైన్ రాసి, బుగ్గ లాగకుండా వైద్యం చేస్తారు.

పొక్కులకు భయపడి పంటి వైద్యం వాయిదా వేస్తే నొప్పి పెరుగుతుంది. నొప్పితో తిండి తగ్గుతుంది. తిండి తగ్గితే ఒంటి మీది పుండ్లూ త్వరగా మానవు.