కళాకారుని ఇల్లు – పాలకవర్గపు బాధ్యత

ఖరగ్‌పూర్‌లో పగలు కార్ఖానా పని, రాత్రి నాటక రిహార్సలు చేసిన తెలుగు సోదరులను మేమెరుగుదుము. పదవీ విరమణతో క్వార్టరు ఖాళీ చేయవలసినదే. రంగస్థలము కూడు పెట్టదు, నీడయు ఇయ్యదు.

హైదరాబాదు మణికొండలోని చిత్రపురి కాలనీ మనకొక పాఠము, ఒక హెచ్చరికయు. 1997లో మరణించిన నటుడు డాక్టర్ ఎం. ప్రభాకర్ రెడ్డి కృషితో సినీ కార్మికుల సహకార గృహనిర్మాణ సంఘమునకు స్థలము లభించినది. కాలనీకి ఆయన పేరే పెట్టిరి. కాని తరువాతి కాలమున, సినీ కార్మికులు కానివారికి ఇండ్లు దక్కినవన్న ఆరోపణలు చెలరేగినవి. స్థలము సంపాదించుట ఒక పోరాటము. దానిని అర్హులకే దక్కునట్లు కాపాడుట అంతకన్న కష్టము.

మన ఊరిలో ఇట్టి సంఘము పెట్టదలచినచో, సభ్యుల జాబితాను వరుస సంఖ్యతో గోడపై అంటించుటకు జంకనివారినే డైరెక్టర్లుగా ఎన్నుకొనవలెనని మా అభిప్రాయము. పెద్ద పేరున్నవారికన్న లెక్కలు చదువగల గుమస్తా మేలు. సేవింగ్స్ బ్యాంకు ఖాతాలు వ్రాసిన తపాలా సోదరులు ఇందుకు తగినవారని మేము వేళాకోళమునకు అనుటలేదు.